వైరల్ వీడియో వార్తగా వెళ్లే ముందు: తెలుగు డెస్కులో చేయాల్సిన తనిఖీ

ఒకప్పుడు వరద వార్త డెస్కుకు చేరే దారి ఒకటే. మండల విలేకరి జిల్లా కేంద్రానికి ఫోన్ చేసేవాడు, అక్కడ ఎవరో రాసుకునేవారు, ఫొటో సాయంత్రానికి వచ్చేది. ఇప్పుడు అన్నిటికంటే ముందు వీడియో వస్తుంది. అది డెస్కు ఫోన్‌లో మోగేసరికే ఊళ్లో గ్రూపులన్నీ తిరిగేసి ఉంటుంది. విలేకరిని ఆ తర్వాత పట్టుకుంటాం. సోషల్ మీడియా వార్తలకు వేగం తెచ్చిందని అందరూ అంటారు గానీ, డెస్కు పనిని అసలు మార్చింది ఈ వరస తిరగబడటమే. మనిషి నుంచి వార్తకు వెళ్లేవాళ్లం కాస్తా, వీడియో నుంచి వెనక్కి నడిచి మనిషిని వెతకాల్సి వస్తోంది. ఆ వెనకనడక ఎలాగో ఇక్కడ చెబుతున్నాం. వెబ్ డెస్కులో సబ్ ఎడిటర్లకు, స్ట్రింగర్లకు, ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే యూట్యూబ్ వార్తా చానళ్లకు ఇది పనికొస్తుంది.

ముందు ఒక అలవాటు వదులుకోవాలి. వీడియో రాగానే 'ఇది నిజమా, ఫేకా?' అని అడగడం. ఆ ప్రశ్న దారి తప్పిస్తుంది, ఎందుకంటే తప్పుడు ప్రచారంలో తిరిగేవాటిలో చాలా భాగం నిజమైన వీడియోలే. ఊరు వేరు, ఏడాది వేరు, లేదా చివర కోసేశారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన వీడియో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. అసలు దాంట్లో చివరికి పిల్లాణ్ని తిరిగి తెచ్చి దించి, సందేశం రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క తీసేసి దేశమంతా పంపారు. తెలుగు రాష్ట్రాలతో సహా చాలాచోట్ల అనుమానంతో అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ వీడియోను ఎంత తరచి చూసినా గ్రాఫిక్స్ కనపడవు, అతుకులు కనపడవు. అడగాల్సినవి మూడే: ఎవరు తీశారు? ఎక్కడ తీశారు? ఎప్పుడు తీశారు? మూడింటికీ వేర్వేరు దారుల్లో జవాబు రావాలి. ఒకటి తేలిందని మిగతా రెండూ తేలినట్టు కాదు.

ముందు ఫైలును కాపాడండి

వీడియో తెరిచి చూసే ముందే మూడు పనులు. పోస్టు లింకును వెబ్ పేజీలను భద్రపరిచే వేబ్యాక్ మెషీన్ సైటులో సేవ్ చేయండి, ఎందుకంటే గొడవ పెరగ్గానే పెట్టినవాళ్లు తీసేస్తారు. ఖాతా పేరు, తేదీ, సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ తీయండి. వీడియోను దించుకుని, ఒక కాపీని ముట్టుకోకుండా పక్కన పెట్టి, కోతలూ లోగోలూ అన్నీ రెండో కాపీ మీద చేయండి. కోర్టుకెక్కే అవకాశం ఉన్న విషయమైతే అసలు ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల, అంకెల వరస) కూడా రాసిపెట్టుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రంలో ఆ విలువ అడుగుతారు.

వాట్సాప్‌లో వచ్చిందైతే దాని మీదున్న బాణం గుర్తు చూడండి. ఒకే బాణం ఉంటే ఎవరో పంపినదాన్ని ముందుకు తోశారని అర్థం. రెండు బాణాలతో 'చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు' అని ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చింది. అప్పుడు మీకు పంపినాయన సాక్షి కాడు, ఇంకో పాఠకుడు మాత్రమే. 'వీడియో ఆయనే పంపాడు' అని వార్త కాపీలో రాస్తే అక్కడే తప్పు మొదలవుతుంది.

ఫైలు పేరును నమ్మి మోసపోయే డెస్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ ఫైలు పేరులో కనిపించే తేదీ, ఆ ఫోనుకు వీడియో చేరిన తేదీ. ఆ అంకెల తర్వాత 'డబ్ల్యూఏ' అక్షరాలు కనిపిస్తే అది వాట్సాప్ పెట్టిన పేరే. 2020 నాటి వీడియో ఈరోజు మీ ఫోనులోకి వస్తే పేరులో ఈరోజు తేదీయే ఉంటుంది. పైగా వాట్సాప్ ఫైలును నలగ్గొట్టి పంపుతుంది, తీసిన సమయం, జీపీఎస్ వివరాలు దారిలోనే పోతాయి. 'హెచ్‌డీ' నొక్కి పంపినా ఇంతే.

అందుకే అసలు తీసిన మనిషి దొరికితే మొదటి కోరిక ఇది: వీడియోను 'డాక్యుమెంట్'గా పంపమనాలి. అటాచ్ గుర్తు నొక్కి, గ్యాలరీ బదులు డాక్యుమెంట్ ఎంచుకుని, అందులోంచి ఫైలు పంపితే అది ఉన్నదున్నట్టు వస్తుంది. 2 జీబీ వరకు పంపొచ్చు. దాన్ని ఫైలు లోపలి వివరాలు చూపించే ఎగ్జిఫ్‌టూల్‌లోనో మీడియాఇన్ఫోలోనో తెరిస్తే ఫోను మోడల్, తీసిన సమయం కనిపిస్తాయి. ఇక్కడ ఒక గుంట ఉంది. చాలా ఫోన్లు వీడియో లోపల సమయాన్ని యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో రాస్తాయి. మన సమయం కావాలంటే 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఆదివారం తెల్లవారుజామున 4.10కి తీసిన వీడియోలో శనివారం రాత్రి 22.40 అని కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక సరైన వీడియోను 'పాతది' అని పక్కన పడేసే ప్రమాదం ఉంది.

పంపినవారితో మాట్లాడటం

సాఫ్ట్‌వేర్ల కంటే ఫోన్ కాల్ ఎక్కువ తేలుస్తుంది. అయినా డెస్కులో అందరూ దాన్నే ఆఖరుకు వదిలేస్తారు.

'నమస్కారం అండీ, ఫలానా పత్రిక డెస్కు నుంచి మాట్లాడుతున్నాను. ముందు మీరు క్షేమంగానే ఉన్నారా?' ఈ ప్రశ్న మర్యాద కోసమే కాదు, నీళ్లలో నిలబడి ఉన్న మనిషి చేత ఇంకో వీడియో తీయించకుండా ఉండటానికి కూడా. తర్వాత: 'ఇది మీరే తీశారా, మీకు వచ్చిందా?' వచ్చిందంటే, 'ఏ గ్రూపులో వచ్చింది, ఎన్ని గంటలకు? ఆ మెసేజ్ సమయం కనపడేలా స్క్రీన్‌షాట్ పెట్టగలరా?' అని అడిగి ఆ పై మనిషి నంబరు తీసుకోవాలి. ఇలా గ్రూపు నుంచి గ్రూపుకు వెనక్కి వెళ్తూ, సమయాలు కాగితం మీద రాసుకుంటూ పోవాలి. అంతకంటే ముందు సమయం ఇక ఎక్కడ దొరకదో అక్కడ మూలం ఉంది, లేదా అది వేరే రాష్ట్రం నుంచి ఊడిపడింది.

'నేనే తీశాను' అన్నవారిని కూడా నెమ్మదిగా అడగాలి. 'మీరు ఎక్కడ నిలబడ్డారు? మీ వెనక ఏముంది? దీనికి ముందూ తర్వాతా తీసినవి ఉన్నాయా?' నిజంగా తీసిన మనిషి ఫోనులో ఒకే ఒక్క ముక్క ఉండటం అరుదు. అరగంటలో ఒకటికి నాలుగు తీసి ఉంటారు, కొన్ని వంకరగా, కొన్ని చీకట్లో. ఆ పనికిరాని వీడియోలే మనకు బలమైన రుజువు. వీడియోలో కనపడనిది అడగడం మంచి కిటుకు: 'ఆ గుడికి ఎదురుగా ఏముందండీ?' జవాబును మ్యాప్‌లో సరిచూడొచ్చు.

ఈ కాల్‌లోనే అనుమతి కూడా తీసుకోండి. మాటగా కాదు, మెసేజ్‌గా: 'ఈ వీడియో నేనే తీశాను. మీ పత్రిక, వెబ్‌సైట్, యూట్యూబ్‌లో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. నా పేరు వేయండి లేదా వేయొద్దు.' ఈ చివరి ముక్క ముఖ్యం. పోలీసులనో, ఊళ్లో పెద్దలనో, కంపెనీనో పట్టించే వీడియో అయితే పేరు వేయడం ఆ మనిషికి ముప్పు.

పాతదా కాదా తేల్చడం

వీడియోను నేరుగా వెతకలేం, ఫ్రేములుగా వెతకాలి. బ్రౌజర్‌లో వేసుకునే ఇన్విడ్ ప్లగిన్ ముఖ్యమైన ఫ్రేములను తనే విడగొట్టి ఇస్తుంది. అది లేకపోతే వీఎల్‌సీలో ఆపుకుంటూ స్క్రీన్‌షాట్లు తీసుకోవచ్చు. మూడు ఫ్రేములు చాలు, కానీ అంతా ఎంచుకోవడంలోనే ఉంది. జనం ముఖాలున్న ఫ్రేము వృథా. వంతెన, భవనం, బోర్డు, వాహనం స్పష్టంగా ఉన్నవి తీసుకోండి. పైన అంటించిన లోగో, కింద రాసిన క్యాప్షన్ కత్తిరించేయండి, లేకపోతే సెర్చ్ ఆ అక్షరాల వెంట పోతుంది. ఫలితం రాకపోతే బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి మళ్లీ వెతకండి. కాపీరైట్ తప్పించుకోవడానికి చాలామంది వీడియోను కుడిఎడమలు మార్చి పెడతారు. బోర్డు మీద అక్షరాలు తిరగబడి ఉన్నా, జనమంతా ఎడమచేతి వాటంగా కనిపించినా అదే కారణం.

గూగుల్ లెన్స్ ఒక్కటే చూసి ఆపొద్దు. అది 'ఇలాంటివి' చూపించడంలో దిట్ట, 'ఇదే' అని పట్టడంలో కాదు. యాండెక్స్‌లో కూడా వేయండి. టిన్‌ఐ అనే ఇమేజ్ సెర్చ్ సైటులో పాతవాటి నుంచి కొత్తవాటికి వరస పెట్టే వీలుంది, మనకు కావలసింది అదే. ఎక్స్‌లో అడ్వాన్స్‌డ్ సెర్చ్ తెరిచి, ఘటన జరిగిందంటున్న రోజుకు ముందు తేదీలు ఇచ్చి వెతకండి. ముగింపు తేదీగా మీరిచ్చిన రోజు ఫలితాల్లోకి రాదు, కాబట్టి ఒక రోజు కలిపి ఇవ్వాలి. వెతికే మాటలు తెలుగులోనే వేయకండి. వరద వీడియోలు అస్సాం నుంచో కేరళ నుంచో ఇండోనేషియా నుంచో వచ్చి మన ఊరి పేరు తగిలించుకుంటాయి. హిందీలో, ఇంగ్లీషులో కూడా వేయాలి.

ఈ సెర్చిలో ఒక తర్కం మరిచిపోకండి. పాత పోస్టు దొరికితే వీడియో పాతదని ఖాయం. దొరక్కపోతే కొత్తదని ఖాయం కాదు. గ్రూపుల్లో మాత్రమే తిరిగినది ఏ సెర్చికీ చిక్కదు.

ఎక్కడ, ఎప్పుడు: ఫ్రేములోనే ఉంటుంది

ఈ భాగానికి తీరిక ఇవ్వండి. సగం తనిఖీలు ఇక్కడే తేలిపోతాయి. దీనికి కావలసినవి మన ప్రాంతం తెలిసిన కళ్లు, కాస్త ఓపిక.

నంబరు ప్లేటుతో మొదలెట్టండి. తెలంగాణ వాహనాలకు 2014 జూన్‌లో టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి కొత్త వాహనాలకు టీజీ. వీడియోలో ఒక్క టీజీ ప్లేటు కనిపించినా అది 2024 మార్చికి ముందుది కాలేదు. '2020 హైదరాబాద్ వరద' అని తిరుగుతున్న వీడియోను అంతటితో తోసేయొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లాల వారీ సంఖ్యలు పోయి రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వరస వచ్చింది. అందుకే పాత ఏపీ 16 ప్లేటు విజయవాడ వైపు చూపిస్తుంది గానీ, ఏపీ 39 ఏ ఊరినీ చూపించదు. ఈ తర్కం ఒకవైపే నడుస్తుంది సుమా: పాత ప్లేట్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి, కాబట్టి టీఎస్ కనిపించినంత మాత్రాన వీడియో పాతది కాదు.

ప్రభుత్వ బోర్డులు కూడా తేదీ చెబుతాయి. ఏపీలో 13 జిల్లాలు 26 అయింది 2022 ఏప్రిల్ 4న. బోర్డు మీద 'ఎన్టీఆర్ జిల్లా' అనో 'పార్వతీపురం మన్యం జిల్లా' అనో ఉంటే వీడియో ఆ తర్వాతిదే. తెలంగాణలో 2016 అక్టోబరులో 31 జిల్లాలయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. దుకాణం బోర్డు మీద ఊరి పేరు మసకగా ఉన్నా అంకెలు దొరుకుతాయి. జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు 36 అయితే తెలంగాణ, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ల్యాండ్‌లైన్ నంబరు ఉంటే ఎస్టీడీ కోడ్ చూడండి: 040 హైదరాబాద్, 0866 విజయవాడ, 0891 విశాఖ, 0863 గుంటూరు, 0870 వరంగల్. ఆర్టీసీ బస్సు కనిపిస్తే పక్కన రాసిన డిపో పేరు, ముందున్న రూటు బోర్డు ఫ్రేము ఆపి చదవండి. పల్లెవెలుగు బస్సు తన డిపోకు మరీ దూరం పోదు.

టిక్‌టాక్ గుర్తు మూలలో ఆడుతుంటే జాగ్రత్త. దేశంలో ఆ యాప్‌ను 2020 జూన్ 29న నిషేధించారు. 'నిన్న గుంటూరులో' అని వచ్చిన వీడియో మీద ఆ గుర్తుంటే అది నిషేధానికి ముందుదై ఉండాలి, లేదా విదేశాలదై ఉండాలి. జనం మొహాలకు మాస్కులుంటే 2020, 2021 వైపు చూడండి. కల్లంలో ఎర్రగా మిరప ఆరబోసి ఉంటే అది నడి వానాకాలం కాదు.

నీడలు కూడా మాట్లాడతాయి. సన్‌కాల్క్ సైటులో చోటు, తేదీ ఇస్తే ఏ గంటకు నీడ ఎటు పడుతుందో గీసి చూపిస్తుంది. నీడ ఉత్తరానికే పడుతుందని లెక్కవేసుకుంటే మన దగ్గర పొరపాటు జరుగుతుంది. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. అసలు వరద వార్తలు మొదలయ్యేది ఆ రోజుల్లోనే కదా.

చోటు ఊహకు వచ్చాక మ్యాప్‌లో సరిచూడాలి. హైదరాబాద్‌లో 2022 జులై నుంచి గూగుల్ స్ట్రీట్ వ్యూ ఉంది. ఊళ్లలో అది లేనిచోట గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టిన ఫొటోలు, గూగుల్ ఎర్త్ ప్రోలో పాత ఉపగ్రహ చిత్రాలు పనికొస్తాయి. వీడియోలోంచి కనీసం మూడు స్థిరమైన గుర్తులు మ్యాప్‌తో కలవాలి: ట్యాంకు, గోపురం, రోడ్డు మలుపు, సెల్ టవర్ లాంటివి. వాటి మధ్య వరస కూడా కలవాలి.

మాటలు వినండి, కానీ మాటలకే లొంగిపోవద్దు. యాసను బట్టి ఉత్తరాంధ్రో, సీమో, తెలంగాణో పట్టొచ్చు. అయితే బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో కూడా తెలుగే వినిపిస్తుంది. పైగా వేరే వీడియో మీద తెలుగు గొంతు అతికించడం చాలా తేలిక. పరీక్ష ఏమిటంటే, దృశ్యం మారినచోట శబ్దం కూడా మారుతోందా? వాన హోరు ఒకే తీరుగా సాగుతూ దృశ్యం మాత్రం నాలుగు చోట్లకు ఎగిరితే ఆ శబ్దం పైన వేసింది.

వరద అంకెల సంగతి

వీడియోతోపాటు ఒక అంకె కూడా తిరుగుతుంది, దాన్ని ఎవరూ సరిచూడరు. ఈ గీటురాళ్లు డెస్కు గోడ మీద అంటించుకోండి. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులు, రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరంలో 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటిది 3.97 లక్షలు, రెండోది 5.69 లక్షల క్యూసెక్కులు. భద్రాచలంలో 1986 ఆగస్టు వరద 75.6 అడుగులకు చేరింది, 2022 జులైలో 71 అడుగులు దాటింది. అంచేత '80 అడుగులు' అని ఫార్వర్డ్ వస్తే అది చరిత్రలో లేని వరద, కేంద్ర జలసంఘం లెక్క చూడకుండా స్క్రోలింగ్ కూడా వేయకూడదు.

క్యూసెక్కు ప్రవాహానికి కొలత, టీఎంసీ నిల్వకు. 'జలాశయంలో 2 లక్షల క్యూసెక్కుల నీరు నిల్వ ఉంది' అన్న వాక్యం మెసేజ్‌లో ఉంటే రాసినవారికి విషయం తెలియదని అర్థం. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ లెక్కతో చాలా ఫార్వర్డులు అక్కడికక్కడే విరిగిపోతాయి.

'ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారు' అన్న ఫొటో ఏ పెద్ద వరద ఏడాదిదైనా కావచ్చు. గేట్ల దగ్గర కొట్టుకొచ్చిన పెద్ద పడవలు చిక్కుకుని కనిపిస్తే మాత్రం అది 2024 సెప్టెంబరుది అయ్యే అవకాశం ఎక్కువ. బుడమేరు విజయవాడను ముంచిన వరద అదే. ఇలాంటి ఒక్కో పెద్ద ఘటనకూ 'గుర్తుపట్టే ఆనవాళ్లు' అని ఒక షీటు రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది మళ్లీ అవే వీడియోలు తిరిగినప్పుడు రెండు నిమిషాల పని.

సర్క్యులర్లు, క్లిప్పింగులు, లోగో కార్డులు

'రేపు బడులకు సెలవు' మెసేజ్ తీరు తెలిసిందే. పోయిన ఏడాది కలెక్టర్ ఉత్తర్వు తీసుకుని, తేదీ ఉన్న మూల కత్తిరించి పంపుతారు. తేదీ ఉంటే ఆ తేదీకి రాసిన వారం సరిపోతోందో లేదో క్యాలెండర్‌లో చూడండి. సంతకం కింద ఉన్న అధికారి ఇప్పుడు ఆ జిల్లాలో ఉన్నారా అన్నది ఇంకో పరీక్ష, బదిలీ అయిపోయిన అధికారి సంతకంతో వచ్చేవి ఎన్నో. చివరికి డీఈవో కార్యాలయానికో పౌరసంబంధాల అధికారికో ఫోన్ చేయక తప్పదు.

పత్రిక క్లిప్పింగ్ వస్తే ఆ రోజు ఈ-పేపర్ తెరవండి. జిల్లా పేజీలు ఎడిషన్‌కు ఒక తీరుగా ఉంటాయి, కాబట్టి మెయిన్‌లో లేదని ఆగిపోకుండా ఆ జిల్లాది చూడాలి. పెద్ద పత్రికలు సొంత ఫాంట్లు వాడతాయి. నకిలీ చేసేవాళ్లు రామభద్ర, మండలి, ఎన్టీఆర్ లాంటి ఉచిత ఫాంట్లతో కానిస్తారు. రోజూ ఆ పత్రిక చదివేవారికి శీర్షిక అక్షరం చూడగానే తేడా తెలుస్తుంది. ఎన్నికల ముందు చానల్ లోగోతో వచ్చే 'సర్వే' కార్డులకు కూడా ఇదే మందు: ఆ చానల్ అధికారిక పేజీలో అదే కార్డు లేకపోతే, ఆ చానల్ డెస్కుకు ఫోన్. పోటీ చానలని మొహమాటపడొద్దు, రేపు వాళ్లూ మీకు చేస్తారు.

ఏఐ చేసినవి

దీనికి ఆన్‌లైన్ డిటెక్టర్లున్నాయి, ఏదో ఒక శాతం చెబుతాయి. వాట్సాప్‌లో నాలుగుసార్లు నలిగిన ఫైలు మీద ఆ శాతాలకు విలువ తక్కువ. అసలు వీడియోనే ఏఐ అనగలవు, ఏఐని అసలైనదనగలవు. ఆ అంకెను కాపీలో రుజువుగా రాయకండి. బొమ్మల్లో తెలుగు బోర్డులు చూడండి, వత్తులు ఊడిపోయి, గుణింతం ఎటో పోయి ఉంటే అది ఏఐ పనే కావచ్చు. కానీ కొత్త పరికరాలు ఈ తప్పు దిద్దుకుంటున్నాయి, కాబట్టి అక్షరాలు సరిగ్గా ఉన్నాయని నమ్మేయలేం. నాయకుల గొంతుతో వచ్చే ఆడియోలు మరీ కష్టం. అక్కడ దారి వేరు: ఆ మాట ఏ సభలో, ఏ రోజు అన్నారో అడగండి, ఆ సభ పూర్తి వీడియో తీసి వినండి. సభే లేకపోతే ఆడియో వార్త కాదు. ఫ్యాక్ట్‌చెక్ సంస్థల కూటమి మిస్‌ఇన్ఫర్మేషన్ కంబాట్ అలయన్స్ మొదలుపెట్టిన డీప్‌ఫేక్స్ అనాలిసిస్ యూనిట్ వాట్సాప్ టిప్‌లైన్ తెలుగులో కూడా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ లాంటి ఫ్యాక్ట్‌చెక్ సంస్థలు ముందే తేల్చి ఉండొచ్చు, వాళ్ల సైట్లలో వెతికాకే మీ సమయం ఖర్చు పెట్టండి.

టైమ్ లేనప్పుడు

పోటీ చానల్లో బ్రేకింగ్ నడుస్తోంది, వార్తలు అందుకునే ఇన్‌పుట్ డెస్కు నుంచి కేకలు. పదిహేను నిమిషాలే ఉంటే ఈ వరసలో వెళ్లండి: పంపినవారికి ఫోన్, మూడు ఫ్రేముల సెర్చ్, ఆ మండల విలేకరికి ఫోన్, స్టేషన్ ఎస్సైకో తహసీల్దారుకో ఫోన్. విలేకరిని, అధికారిని అడిగేటప్పుడు వీడియో ముందే పంపకండి. 'మీ దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోంది?' అని అడిగి విన్నాక పంపండి. ముందే చూపిస్తే ఇద్దరూ ఆ వీడియో గురించే మాట్లాడతారు, తాము చూసినదాని గురించి కాదు. ఆ అధికారికి కూడా అది వాట్సాప్‌లోనే వచ్చి ఉండొచ్చు.

అప్పటికీ తేలకపోతే వీడియో లేకుండా వార్త వేయండి. 'ఫలానా మండలంలో వాగు పొంగుతోందని తహసీల్దారు చెప్పారు' అన్న వాక్యానికి ఏ వీడియో అక్కర్లేదు. ఈ సంగతి వెబ్ డెస్కులు మరిచిపోయాయి. థంబ్‌నెయిల్ లేకపోతే వార్తే లేదనుకుంటున్నాయి.

భాషలో కూడా దొంగదారులున్నాయి. 'సోషల్ మీడియాలో వైరల్ అవుతోంది' అనేది ఆధారం కాదు. 'నెటిజన్లు మండిపడుతున్నారు' అని రాసేముందు ఎంతమంది, ఎవరు అని లెక్క చూడండి, మూడు కామెంట్లయితే ఆ వార్త అవసరమే లేదు. శీర్షిక చివర ప్రశ్నార్థకం పెడితే పరువునష్టం నుంచి రక్షణ ఉంటుందనేది మన డెస్కుల్లో పాతుకుపోయిన భ్రమ. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356కి ప్రశ్నార్థకం అడ్డు కాదు.

వేయకూడనివి

వీడియో నూటికి నూరుపాళ్లు నిజమని తేలినా వేయకూడనివి ఉన్నాయి. లైంగిక దాడి బాధితుల గుర్తింపు తెలిసే ఏ వివరమూ వేయకూడదు (బీఎన్ఎస్ సెక్షన్ 72). పిల్లల విషయంలో పోక్సో సెక్షన్ 23, బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 ఉన్నాయి. ముఖం మసక చేస్తే సరిపోదు, ఇంటి గుమ్మం, బడి యూనిఫాం, తండ్రి పేరు, చిన్న ఊరైతే ఊరి పేరు కూడా గుర్తింపే. గొంతు కూడా మార్చాలి. ఆత్మహత్యకు ముందు తీసుకున్న సెల్ఫీ వీడియోను ఏ రూపంలోనూ ప్రసారం చేయొద్దు, చేసిన పద్ధతి రాయొద్దు, వార్త కింద మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు ఇవ్వండి.

కాపీరైట్ మాట చిన్న చానళ్లకు ముఖ్యం. నెట్‌లో ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. 'సౌజన్యం: సోషల్ మీడియా' అని రాస్తే అనుమతి తీసుకున్నట్టు కాదు, పేరు కూడా ఇవ్వనట్టే. వర్తమాన విషయాల వార్తకు కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కొంత వెసులుబాటు ఇస్తుంది గానీ, అది కోర్టులో వాదించుకునే సంగతి. యూట్యూబ్‌లో 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు పడితే చానలే పోతుంది, వాదన తర్వాత.

తప్పు జరిగాక

సవరణ అంటే కథనంలో వాక్యం మార్చి ఊరుకోవడం కాదు. తప్పు ఎన్ని చోట్లకు వెళ్లిందో ముందు కాగితం మీద రాయండి: కథనం, శీర్షిక, లింకులో ఉన్న మాటలు, థంబ్‌నెయిల్, పుష్ నోటిఫికేషన్, ఫేస్‌బుక్ పోస్టు, ఎక్స్ పోస్టు, వాట్సాప్ చానల్, యూట్యూబ్, రేపటి పేపరు పేజీ. సైటులో శీర్షిక మార్చినా ఫేస్‌బుక్‌లో పాత శీర్షికే కనిపిస్తూ ఉంటుంది, ఫేస్‌బుక్ వాళ్ల షేరింగ్ డీబగ్గర్ పేజీలో లింకు వేసి 'స్క్రేప్ అగైన్' నొక్కితేనే మారుతుంది. యూట్యూబ్‌లో వీడియోను అదే లింకు మీద మార్చలేరు. ఎడిటర్‌లో ఆ ముక్క కోసేయొచ్చు, లేదా తీసేసి కొత్తది పెట్టి, ఎందుకు తీశారో కమ్యూనిటీ పోస్టులో చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పంపినదాన్ని 15 నిమిషాల్లోపు దిద్దొచ్చు, రెండున్నర రోజుల్లోపు అందరికీ తొలగించొచ్చు. ఆ తర్వాత మిగిలేది కొత్త మెసేజ్ ఒక్కటే.

ఆ కొత్త మెసేజ్‌లో తప్పుడు వీడియోను మళ్లీ పెట్టకండి. ఒక స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో 'పాత వీడియో, ఫలానా ఏడాది, ఫలానా ఊరు' అని రాసి పెట్టండి. మూలన చిన్న ముద్ర వేస్తే, తర్వాత పంపేవాడు దాన్ని కత్తిరించి మళ్లీ తిప్పుతాడు. సవరణ పంపే సమయం కూడా చూసుకోండి: తప్పు రాత్రి తొమ్మిదికి వెళ్లి, సవరణ తెల్లారి మూడింటికి వెళ్తే చూసేవారుండరు. మొదటి పోస్టు ఏ వేళకు వెళ్లిందో మర్నాడు అదే వేళకు ఇంకోసారి పంపండి.